ఉయ్యాల పనికిరాని ఇల్లు

పక్క వాటాలో పసిబిడ్డను ఉయ్యాలలో వేసినట్టున్నారు. మధ్యాహ్నం నుంచి కొక్కేల చప్పుడు కిర్రు కిర్రుమని గోడ దాటి వస్తోంది. ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు బిగుసుకుంటుంది. వెంటనే పైడమ్మ పెద్దమ్మ గుర్తుకొస్తుంది. రాజాంలో మా పక్కింటావిడ. చుట్టరికం లేదు, పిలుపు మాత్రమే. ఎవరి మాటనూ మొదటిసారికి నమ్మని మనిషి. పాలు పోయించుకుంటే వేలు ముంచి చూసేది. బియ్యం కొంటే బస్తా అడుగు నుంచి తీయమనేది. బాగున్నావా అని పలకరించినవాణ్ణి కూడా, ఎందుకు పలకరించాడా అని వీధి మలుపు తిరిగేదాకా చూసేది.

అరవైల చివర్లో, నాకు ఇరవయ్యో ఏడు నడుస్తుండగా, నరసన్నపేట వైపు నుంచి సంబంధం వచ్చింది. వాళ్ళ ఇంటిపేరు నడిమింటి, మాది కొత్తకోట. పెళ్ళికొడుకు, అతని తల్లి, చంటిపిల్లతో అక్క వచ్చారు. కాఫీ తాగాక అతను ఎవరికీ చెప్పకుండా పెరట్లోకి వెళ్ళి తన గ్లాసు తనే కడిగి బోర్లించాడు. కిటికీలోంచి చూశాను. నాకు నచ్చేశాడు. ఇంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

ఇంతలో చంటిది ఏడుపు అందుకుంది. పైడమ్మ పెద్దమ్మ కూడా అక్కడే ఉంది. "మా ఇంట్లో సీర ఉయ్యాల కడతాను, పిల్లని పడుకోబెట్టండమ్మా" అంది. పెళ్ళికొడుకు తల్లి కంగారుగా చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దమ్మా, మాకు ఉయ్యాల పనికిరాదు."

మా అమ్మ చేతిలో పళ్ళెం ఆగిపోయింది. మా ఇంట్లోనూ ఉయ్యాల కట్టరు. నేనూ చాప మీదే పెరిగాను. ఎందుకని అడిగితే మనకు పనికిరాదనడమే తప్ప కారణం ఎవరికీ తెలియదు. మా ఎరికలో ఇంకే ఇంట్లోనూ ఈ కట్టడి లేదు.

వాళ్ళు అలా గుమ్మం దిగారో లేదో పైడమ్మ పెద్దమ్మ మా నాన్నను పట్టుకుంది. "ఒరే తమ్ముడూ, రెండిళ్ళకీ ఒకే కట్టడి అంటే ఒకే వంశమై ఉంటాది. ఆళ్ళ ముత్తాత మీ ఇంట్లోంచి ఇల్లరికం ఎళ్ళుంటాడు. అత్తోరి ఇంటిపేరు ఎట్టుకునుంటాడు. అదే అయితే ఈలిద్దరూ అన్నాసెల్లెళ్ళు. ఎలా కడతావు పెళ్ళి?"

నాన్న పాత పుస్తకం తీశాడు. కొత్తకోట అనే ఊరి నుంచి వలస వచ్చామనీ, అక్కడ మా పెద్దలు కోట కాపలా కాసేవారనీ ఆయనకు మహా గర్వం. "కోట సూసినోడెవుడు?" అని పెద్దమ్మ ఒక్క మాటతో కొట్టిపారేసింది. పుస్తకంలో ఏడు తరాల పేర్లున్నాయి. అందరూ మగవాళ్ళే. ఎవరు ఇల్లరికం పోయారో, ఎవరి ఆడపిల్లను ఎక్కడికిచ్చారో ఒక్క ముక్క లేదు. నాన్న మొహం వాడిపోయింది, సంబంధం వదులుకుందామన్నాడు. "అనుమానం తీరకుండా వద్దనకు, కట్టీమనకు" అంది పెద్దమ్మ. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని నరసన్నపేట బయల్దేరింది. నేనెందుకంటే, "రేపు నామీద పడతావు. నీ సెవుల్తో నువ్వే ఇను" అంది.

బస్సులో నాకు కోపం ఆగలేదు. "నీకెందుకు పెద్దమ్మా ఇదంతా? నా పెళ్ళి చెడగొడితే నీకేం వస్తుంది?" అని అడిగేశాను. ఆమె చేలవైపు తిరిగింది. "నా పెళ్ళికి ఎవులూ ఆరా తియ్యనేదే. ఆయనకి అప్పటికే రంగంలో పెళ్ళాం, ఇద్దరు పిల్లలు ఉన్నారు" అంది. రంగూన్‌ను మా వైపు రంగం అనేవారు. ఆమె భర్త సంగతి వీధిలో ఎవరికీ తెలియదు. నేను సిగ్గుతో తల వంచుకున్నాను.

నరసన్నపేటలో పెళ్ళికొడుకు తాతగారి చెల్లెలు ఉండేది. పండు ముసలి. అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. పెద్దమ్మ నన్ను తన మేనకోడలని చెప్పి, అవీ ఇవీ మాట్లాడి, మెల్లగా ఉయ్యాల దగ్గరికి తెచ్చింది.

"అది మా నాయనమ్మ తెచ్చిన కట్టడి" అంది ముసలామె. "ఆవిడ పుట్టింట్లో ఉయ్యాల తాడు తెగి తమ్ముడు సచ్చిపోనాడట. ఇక్కడ తొలిసూరు బిడ్డకి ఉయ్యాల కడితే, కత్తిపీట అట్టుకొచ్చి తాళ్ళు కోసీసిందట. అత్తోరు తిట్టినా, కొట్టినా ఇన్నేదట."

పెద్దమ్మ అంతటితో వదల్లేదు. "మీ ఇంట్లోకి ఇల్లరికం ఎవులైనా వచ్చేరా?"

"ఎవులొస్తారు? మా తాతల కాడినుంచీ నడిమింటోళ్ళమే."

"మరి ఆ నాయనమ్మ పేరేటి?"

"పేరెవులికి తెల్సు? కొత్తకోటమ్మ అనేవోరు. పుట్టింటోళ్ళ ఇంటిపేరు కొత్తకోట కదా!"

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. అది ఆనందమే. మా ఇంటి ఆడపిల్ల ఆ ఇంటికి కోడలుగా వెళ్ళింది, అంతే. అడ్డం లేదు, ఎప్పటినుంచో ఉన్న వరసే. ఏడు తరాల పుస్తకం చెప్పలేనిది ఆవిడ పట్టుదల చెప్పింది.

తిరుగు బస్సులో పెద్దమ్మకు మాత్రం మనశ్శాంతి లేదు. "పేరు నేని మనిషి ఉంటాదా? పుట్టినప్పుడు ఏదో ఒకటి ఎట్టుంటారు కదా!" అని రాజాం వచ్చేదాకా గొణుగుతూనే ఉంది. పెళ్ళయి అత్తారింటికి బయల్దేరేటప్పుడు చెవిలో, "ఒసే, నీ పేరు మర్సిపోనియ్యకు" అంది. ఏదో పెద్దావిడ చాదస్తమనుకున్నాను. మూడో రోజుకల్లా ఆ ఇంట్లో అందరూ నన్ను కొత్తకోటమ్మ అని పిలవడం మొదలుపెట్టారు. గ్లాసు కడుక్కున్న ఆ మనిషి మంచివాడే, నన్ను బాగా చూసుకున్నాడు. ఆయన కూడా పోయేదాకా అలాగే పిలిచారు.

నిన్న మా మనవడి భార్య ఫోన్ చేసింది. ఏడో నెల. ఉయ్యాల ఎందుకు కొనకూడదో చెప్పమంది. ఇదంతా చెప్పి, ఆపైన మీ ఇష్టమన్నాను. "ఆ తాళ్ళు కోసిన ఆవిడ పేరేంటి నానమ్మా?" అని అడిగింది. ఆమె పేరు పోయిందమ్మా, ఆ తర్వాత ఆ ఇంటికి వచ్చిన నా పేరైనా రాసుకో అన్నాను. కొత్తకోట అప్పలనరసమ్మ. రాసుకున్నానంది. నమ్మకం చాలక, ఒకసారి పైకి చదవమన్నాను.