కళ్లంలో ఎడమ మలుపు

నిడదవోలు దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లులో పెరిగిన పిల్ల స్కేటింగు పందెంలో దేశంలో మూడో స్థానానికి వచ్చిందంటే, వినేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే. అక్కడ స్కేటింగు ఎక్కడ నేర్చుకుంది? రోడ్ల మీద మాత్రం కాదు. తొంభైలలో ఆ రోడ్ల మీద పడకుండా సైకిలు తొక్కడమే పెద్ద విద్య. హేమశ్రీ నేర్చుకున్నది కళ్లంలో.

ఉడకబెట్టిన ధాన్యం ఆరబోయడానికి మిల్లు వెనక పెద్ద సిమెంటు నేల ఉండేది. దాన్నే కళ్లం అనేవారు. వాన పడితే నీళ్లు నిలవకుండా నడుమ కాస్త ఎత్తుగా, అంచులకు వాలుగా కట్టారు. హేమశ్రీ తండ్రి త్రిమూర్తులు ఆ కళ్లంలో కూలీలకు మేస్త్రీ. తల్లి బేబీ మిగతా ఆడవాళ్లతో పాటు వరసగా నడుస్తూ, పాదాలు ఈడ్చి ధాన్యాన్ని ఎండకు తిరగేసేది. వీళ్లందరి మీదా అజమాయిషీ మాత్రం త్రిమూర్తులు తల్లి సంపూర్ణమ్మది. హేమశ్రీకి మామ్మ. కూలి పుచ్చుకోవడం ఎప్పుడో మానేసింది గానీ పెత్తనం మానలేదు.

స్కేట్లు మిల్లు యజమాని మనవడివి. ఆ అబ్బాయి విశాఖపట్నం నుంచి సెలవులకు వచ్చి, ఒక పూట తిరిగి, రెండు మోకాళ్లూ చెక్కుకుపోయాక వాటిని గోనెసంచుల గదిలో పారేసి వెళ్లిపోయాడు. ఇనుప పలక, దాని కింద నాలుగు చక్రాలు, పైన తోలు పట్టీలు. హేమశ్రీకి అప్పుడు తొమ్మిదేళ్లు. వాటిని కాళ్లకు కట్టుకుని కళ్లం అంచున నిలబడేసరికి ఆడవాళ్లంతా పని ఆపి సంపూర్ణమ్మ వైపు చూశారు. ధాన్యం అంటే లక్ష్మి. యజమాని కూడా కళ్లంలోకి చెప్పుల కాళ్లతో రాడు.

సంపూర్ణమ్మ దగ్గరికొచ్చి ఆ చక్రాలను చూసింది. చక్రాలున్నవి చెప్పులెలా అవుతాయంది. ధాన్యం బండి కళ్లంలోకి రావడం లేదా, దాని చక్రాలు ఎవరైనా కడిగి తెస్తున్నారా అని ఎదురు అడిగింది. మనవరాలి విషయంలో ఆవిడ శాస్త్రం అలా కొంచెం సాగేది. ఒక్క షరతు దగ్గర మాత్రం సాగలేదు. కళ్లం నడుమ ధాన్యం రాశి పోసే చోటు ఎప్పుడూ కుడిచేతి వైపే ఉండాలి. గుడి చుట్టూ తిరిగినట్టు తిరగాలి. రాశి అక్కడ ఉన్నా, మిల్లులోకి వెళ్లిపోయి నేల ఖాళీగా ఉన్నా, అది రాశి చోటే. దాన్ని ఎడమ పక్కన పెట్టుకుని తిరగడమంటే చితి చుట్టూ తిరిగినట్టే.

హేమశ్రీకి అదొక ఇబ్బందిగా తోచలేదు. ధాన్యం ఎత్తేసి కళ్లం ఊడ్చాక, పొద్దుగూకేదాకా కుడివైపు తిరిగేది. ధాన్యంలో అమ్మ పాదం ఈడ్చే తీరు చూసి చూసి, కాలు పక్కకు నెట్టడం దానంతటదే పట్టుబడింది. చక్రాలు అరిగితే త్రిమూర్తులు మిల్లు ఫిట్టరు చేత వేరేవి వేయించాడు. పిల్ల పెరిగింది, వేగం ఇంకా పెరిగింది.

స్కూల్లో డ్రిల్లు మాస్టారు సత్యప్రసాద్ గారు ఒకనాడు బియ్యం కోసం మిల్లుకొచ్చి, గేటు దగ్గరే నిలబడిపోయారు. బియ్యం మాట మరిచిపోయి, ఈ పిల్లను ఏలూరులో జిల్లా సెలక్షన్లకు తీసుకెళతానన్నారు. మాస్టారికి కబడ్డీ తెలుసు, ఖోఖో తెలుసు. స్కేటింగు గురించి ఆయనకు తెలిసిందల్లా అందులో ముందొచ్చినవాళ్లు గెలుస్తారని.

పందేలు ఎడమవైపు తిరుగుతాయని ఆయనకు ఏలూరు వెళ్లాకే తెలిసింది. చెప్పారు. హేమశ్రీ తలూపింది. ఈల మోగగానే అందరికంటే ముందు దూసుకుపోయింది. తీరా మలుపు రాగానే ఒళ్లు కుడివైపు వంగింది. మలుపంటే ఆ ఒంటికి తెలిసింది అదొక్కటే. పక్క పిల్లలు ఎడమకు తిరిగి వెళ్లిపోతుంటే, తను కుడికి పోయి జనం ముందు కట్టిన తాడు మీద పడింది. చూసేవాళ్లు నవ్వారు. దెబ్బ కంటే ఆ నవ్వు ఎక్కువ తగిలింది.

తిరుగు రైల్లో మాస్టారు ఆమెకు అరటిపండు కొనిపెట్టి, వచ్చే ఏడు ఇంకొక్క అవకాశం ఉందని, ఆ వయసు విభాగంలో అదే ఆఖరని చెప్పారు. ఈలోగా ఎడమవైపు తిరగడం రావాలి. ఆ మాటే ఇంటికొచ్చి సంపూర్ణమ్మకూ చెప్పారు.

"ఏలూరు వాళ్లనే కుడివైపు తిరగమని చెప్పలేకపోయారా అండి?" అంది సంపూర్ణమ్మ.

"ఏలూరొక్కటే కాదండి. లోకమంతా ఎడమవైపే తిరుగుతుందండి."

"అందుకే ఇలా తగలడిందండి లోకం."

మాస్టారు కాఫీ తాగి వెళ్లిపోయారు. చుట్టుపక్కల అంత నున్నటి నేల ఇంకొకటి లేదు. త్రిమూర్తులు తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు. పైగా రేపు ధాన్యం తడిసినా, మర ఆగినా, నీ కూతురి తిరుగుడు వల్లే అంటారని అతని భయం. హేమశ్రీ స్కేట్లు తీసుకెళ్లి గోనెసంచుల గదిలో పెట్టేసింది. ఆ తరవాత బడికి వెళ్లేటప్పుడు కళ్లం కంటబడకుండా కాలవగట్టున చుట్టూ తిరిగి పోయేది. అది ఇంట్లో ఎవరూ గమనించలేదనుకుంది.

ఒక ఆదివారం పొద్దున్నే సంపూర్ణమ్మ ఆమెను లేపి, స్కేట్లు తెచ్చుకోమంది. రాశి అంతకు ముందు రోజే మిల్లులోకి వెళ్లిపోయింది. కళ్లం ఊడ్చి ఉంది. సంపూర్ణమ్మ చంకలో పీట పెట్టుకుని నెమ్మదిగా నడిచి వెళ్లి, సరిగ్గా రాశి పోసే చోట పీట వేసుకుని కూర్చుంది.

"ఇప్పుడిక్కడ ఉన్నది నేను. నా చుట్టూ తిరుగు, ఎడమవైపు. కీడేదన్నా ఉంటే నాకే తగలనీ."

త్రిమూర్తులు పరుగున వచ్చాడు. "ఏంటమ్మా ఇది? బతికున్న మనిషి చుట్టూ అలా తిరుగుతారా ఎవరన్నా?"

"ఎప్పటికైనా నా చుట్టూ అలా తిరగాల్సినవాడివి నువ్వే కదరా. ఇది కాస్త ముందు తిరుగుతుంది, అంతే. పోయి పని చూసుకో."

హేమశ్రీ పట్టీలు బిగించుకుంది. మామ్మను ఎడమచేతి పక్కన పెట్టుకుని మొదటి చుట్టు తిరుగుతుంటే కళ్లు నీళ్లతో మసకబారి, మలుపులో పడింది. మోచెయ్యి గీరుకుపోయింది. సంపూర్ణమ్మ పీట మీంచి లేవకుండానే కసిరింది. "మలుపు దగ్గర వంగవే! ధాన్యం బస్తాలా నిటారుగా నిలబడితే పడవా మరి?" హేమశ్రీ లేచింది, ఈసారి వంగింది. అప్పట్నుంచి కళ్లం ఖాళీగా ఉన్నప్పుడల్లా పీట పడేది. ఎండ ముదిరితే ఆవిడ నెత్తిన గోనెపట్టా వేసుకునేది గానీ లేచేది కాదు. ఆవిడ లేస్తే అది మళ్లీ రాశి చోటైపోతుంది.

మరుసటి ఏడు ఏలూరులో హేమశ్రీ మొదటి స్థానం. తరవాత విశాఖపట్నంలో రాష్ట్ర పోటీలు, ఆ తరవాత ఉత్తరాదిన జాతీయ పోటీలు. ఐదువందల మీటర్లలో కంచు పతకం. దాన్ని మించి పైకి వెళ్లలేదు. చక్రాలన్నీ ఒకే వరసలో ఉండే కొత్త స్కేట్లు వచ్చేశాక పెద్ద ఊళ్ల పిల్లలు ముందుకు వెళ్లిపోయారు. ఆమెకు ఆ దిగులు లేదు. రాజమండ్రిలో ఒక స్కూల్లో ఆటల టీచరుగా చేరి, పిల్లలకు స్కేటింగు నేర్పింది.

దిగులల్లా ఇంకొకటి. ఆ ఆదివారం నుంచీ, మామ్మ దగ్గితే హేమశ్రీ చేస్తున్న పని ఆపి అటే చూసేది. ఆవిడకు జ్వరమొస్తే తను తిరిగిన తిరుగుడే గుర్తొచ్చేది. ఈ మాట ఎవరితోనూ అనలేదు. సంపూర్ణమ్మ మాత్రం ఏళ్ల తరబడి నిక్షేపంగా తిరిగి, అందరినీ అదిలించి, మిల్లులో ఆరబెట్టే మెషిన్లు వచ్చి కళ్లంలో గడ్డి మొలిచేదాకా ఉండి, రెండువేల ఆరు వానాకాలంలో నిద్రలో పోయింది.

హేమశ్రీ రాజమండ్రి నుంచి వచ్చేసరికి పాడె కడుతున్నారు. కళ్లంలో పనిచేసిన రత్తమ్మ ఆమెను పక్కకు పిలిచి, ఆ తిరుగుడు ఊరికే పోతుందా అమ్మా అంది. పాపం, చెడ్డగా అనలేదు. ఏడుస్తూనే అంది. హేమశ్రీకి ఏడుపు రాలేదు. ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లరు. ఆమె వీధి అరుగు మీద అలాగే కూర్చుండిపోయింది.

సాయంత్రం త్రిమూర్తులు తడిబట్టలతో వచ్చి, గుమ్మంలో దీపం చూసి, కూతురి పక్కన కూలబడ్డాడు.

"కుండెత్తుకుని చితి చుట్టూ ఎడమవైపు తిరిగేటప్పుడు కాళ్లు వణుకుతాయనుకున్నానమ్మా. వణకలేదు. మలుపు దగ్గర వంగవే అని ఆవిడ కేకలేస్తున్నట్టే ఉంది. ఆవిడకి అలవాటేగా అనిపించింది."

పొద్దున్నుంచీ రాని ఏడుపు హేమశ్రీకి అప్పుడొచ్చింది.