పాపక్క వేళ్లు, నరాల నేత

మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గానికి పడుగు పోగుల అచ్చు అతకాలంటే పాపక్కే. మగ్గం మీద పాత పట్టు పోగులు అయిపోతుండగా, వాటి కొసలకు కొత్త పోగుల కొసలు కలిపి, వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెట్టడం ఆమె పని. ఒక్కో అచ్చుకు నాలుగు వేల పైచిలుకు పోగులు. అంత సన్నటివి కళ్లకు చిక్కవు, వేలికొసకే తెలుస్తాయి. పుంగనూరు నుంచి కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఇదే బతుకు.

ఆ వేళ్లే మొద్దుబారాయి. మణికట్టు దగ్గర నరం నలుగుతోందని, చిన్న ఆపరేషన్ చాలని, ఆలస్యం చేస్తే స్పర్శ తిరిగి రాకపోవచ్చని కుప్పంలో డాక్టరు చెప్పాడు. పాపక్క ససేమిరా అంది.

పక్కింటి సైన్సు టీచర్ని కదా, నచ్చజెప్పమని కూతురు భారతి నన్ను పిలిచింది.

"నరాలన్నీ ఒకే నేత గదా సారూ. కత్తి తగిలి ఒక పోగు తెగితే ఒళ్లంతా యేమైతాదో" అంది పాపక్క.

నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. నూట యాభై ఏళ్ల కిందట పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు అన్నదీ ఇదే. గాల్జీ అనే ఇటలీ డాక్టరు వెండి మందుతో నాడీకణాలను నల్లగా కనిపించేలా చేసి, అంతా ఒకే వల అన్నాడు. కహాల్ అనే స్పెయిన్ డాక్టరు అదే మందు వేసి చూసి, ఏ కణానికా కణం విడి అన్నాడు. ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. ఆ వేదిక మీద కూడా గాల్జీ తన పట్టు వదల్లేదు. ఇదంతా ఆమెకు చెప్పాను.

"మద్దెలో సందుండాదని ఆ రెండో ఆయప్ప కంటితో సూసినాడా?"

"లేదు. అది కనబడింది ఆయన పోయిన ఇరవై ఏళ్లకు."

"మరి యెట్ల చెప్పినాడు?"

ఇన్నేళ్ల నా పాఠాల్లో ఒక్కరూ ఈ ప్రశ్న అడగలేదు.

"కొసలు చూశాడు పాపక్కా. పిట్టపిల్లల మెదడులో ఒక్కో పోగు వెంటే పోయి చూస్తే, కొస విడిగా ఆగిపోయింది."

ఆమె బొటనవేలితో చూపుడువేలి కొసను రుద్దుకుంది.

"కొసలు సూసినాడంటే పని తెలిసినోడే. అయితే ఒకటి తెగినా వలంతా పోదంటారు."

"పోదు. అయినా డాక్టరు నరాన్ని కోయడు. మణికట్టు లోపల దాన్ని నొక్కుతున్న పట్టీని కోస్తాడు."

ఆ ముక్క ముందే చెప్పనందుకు భారతి నన్ను కొరకొరా చూసింది.

ఆపరేషనయిన మూడు నెలలకు, భారతి ఒక్కతే అతికిన అచ్చు మీద పాపక్క కళ్లు మూసుకుని వేలు నడిపింది. ఒకచోట ఆగింది.

"ఈడ ఒక పోగు వదిలేసినావే. యాడ పెట్టుకున్నావు నీ కండ్లు?"

భారతి ఆ తిట్టు వినగానే తల్లి చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.