మా ఆయన తీసిన పెట్టె

మా ఆయనది తాళాల పని. చెప్పుల దుకాణానికీ జిరాక్సు షాపుకీ మధ్య ఒక మనిషి పట్టేంత సందు ఉంది. అందులో ఒక స్టూలు, తాళంచెవులు కోసే చిన్న మిషను, తీగకు గుచ్చి వేలాడదీసిన పాత చెవులు. అదే ఆయన కొట్టు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ తాళాలాయనే. రోజంతా వంగి కూర్చోవడం వల్ల ఇంటికొచ్చాక కూడా మెడ నిలబడదు. ఇక మాట్లాడమంటే అదో శిక్ష. పెళ్ళైన కొత్తలో గుట్టు మనిషేమో అనుకున్నాను. గుట్టూ లేదు గిట్టూ లేదు, ఒట్టి అలసట అని తర్వాత తెలిసింది.

పోలీసులు ఎవరింట్లోనైనా సోదాకి వెళ్ళి, అక్కడ బీరువాకో గదికో తాళం ఉందంటే, జీపు వచ్చి ఈయన కొట్టు ముందు ఆగేది. పనిముట్ల సంచి భుజాన వేసుకుని ఈయన వెళ్ళేవారు. కాకపోతే ఈయనకో మొండిపట్టు ఉంది. ఇంటివాళ్ళు పక్కన నిలబడితే తప్ప తాళం ముట్టుకోరు. వంగి పని మొదలుపెడుతూ వాళ్ళకి మెల్లగా చెప్తారు. కోర్టు కాగితం చూపించమనండి, లేదంటే వద్దనండి, వెతుకుతున్నంతసేపూ దగ్గరే ఉండండి, ఏది పట్టుకెళ్ళినా రాసిమ్మనండి అని. పోలీసులకి ఒళ్ళు మండేది. అయినా బీరువా పాడుకాకుండా తీసేవాడు ఇంకొకడు దొరకడు కాబట్టి పళ్ళు బిగించి ఊరుకునేవారు. భోజనం దగ్గర ఇవన్నీ నాకు వినిపించేవారు. ఆయన మాట్లాడేదే తక్కువ, అందులో సగం ఇదే. విని విని నాకు కంఠతా వచ్చేసింది.

మా తమ్ముడు మాతోనే ఉంటాడు. ఫోన్లు బాగుచేసే షాపులో పని. విడిభాగాల కోసం పాత ఫోన్లు కొని, మంచం కింద రేకుపెట్టెలో పెట్టి తాళం వేసుకుంటాడు. ఒకరోజు పొద్దున్న వాడు పనికి వెళ్ళిన కాసేపటికి ఇన్‌స్పెక్టరు ఇద్దరు కానిస్టేబుళ్ళతో వచ్చాడు. మా ఆయన ఇంకా కొట్టుకి బయల్దేరలేదు. దొంగ ఫోన్ల కేసట. కాగితం ఏదని అడిగితే, వెనక వస్తుంది లేమ్మా అన్నాడు. ఉన్నవే రెండు గదులు. పరుపు తిరగేశారు, పప్పుడబ్బాలు కిందికి దించారు, చివరికి ఆ పెట్టెని బయటికి లాగారు.

తాళం చూసి ఇన్‌స్పెక్టరు చెమట తుడుచుకుని కుర్చీలో కూర్చున్నాడు. అంతే. ఎవరూ తీయమనలేదు, బెదిరించలేదు. మా ఆయన వెళ్ళి సంచి తెచ్చుకుని పెట్టె ముందు గొంతుక్కూర్చున్నారు.

"వద్దండీ. కాగితం లేదు, వాడూ లేడు. వాణ్ణి రానివ్వండి," అన్నాను.

"రెండు నిమిషాల పనే," అన్నారు, తాళం మీంచి చూపు తిప్పకుండా.

ఊరందరికీ చెప్పే మనిషి. ఇన్నేళ్ళూ జీపు ఆగితే లేచి వెళ్ళి వెళ్ళి, ఇంట్లో కూర్చున్నా ఆ జీపు మనిషే అయిపోయారు. తాళం ఊడింది. పెట్టెలోని ఫోన్లలో ఒకటి నిజంగానే దొంగది. ఎవడో తమ్ముడికి అంటగట్టి పోయాడు, వాడికా సంగతి తెలియదు.

షాపు నుంచి వాణ్ణి పట్టుకొచ్చి జీపు ఎక్కించబోతుంటే నేను అడ్డం నిలబడ్డాను. ఏ కేసు మీద, ఏ స్టేషనుకి, అది చెప్పందే కదలనన్నాను. చెప్పారు. వెనకే వెళ్ళి స్టేషను బల్ల మీద కూర్చున్నాను. కోర్టువాళ్ళు ఉచితంగా ఇచ్చిన లాయరమ్మాయి జలుబుతో ముక్కు తుడుచుకుంటూ వచ్చింది. తను పక్కన లేకుండా ఏ ప్రశ్నకీ జవాబు చెప్పొద్దని తమ్ముడికి చెప్పింది. ఒక రోజు దాటకుండా జడ్జి ముందు పెట్టాలని నాకు చెప్పింది. బెయిలు దొరికితే సరి, లేకపోతే కేసు తేలేదాకా జైలే. షాపులో వాడి కుర్చీ వాడి కోసం ఖాళీగా ఉండదు కదా.

కోర్టు కాగితం అక్కర్లేదన్నట్టు, ఇంటాయనే ఇష్టపడి పెట్టె తీసిచ్చాడని పోలీసులు రాశారు. మర్నాడు కోర్టు వరండాలో ఈయన్ని పక్కకి లాగాను. బెదిరించి తీయించారని ఒక్క మాట చెప్పండి, మీకు దణ్ణం పెడతాను అన్నాను. ఆయన చెప్పులవైపు చూస్తూ నిలబడ్డారు.

లోపల జడ్జిగారు అడిగారు, తీయమని ఎవరైనా చెప్పారా అని.

"లేదండి. నేనే తీశాను."

ఆ క్షణంలో ఈయన్ని ఏం చేసినా పాపం లేదనిపించింది. ఎవరూ అడక్కుండానే ఆయన మళ్ళీ నోరు విప్పారు.

"పెట్టె నాది కాదండి. మా ఆవిడ వద్దంది. కాగితం లేదు, వాణ్ణి రానివ్వమంది. నేను వినలేదు."

నేను కాపురానికొచ్చినప్పటి నుంచీ ఒక్కసారీ ఒప్పుకోని మాట, నిండు కోర్టులో ఒప్పుకున్నారు. జడ్జిగారు నన్ను పిలిచి ఆ రోజు ఏమన్నానో చెప్పమన్నారు. గుమాస్తా రాసుకోవడానికి నెమ్మదిగా చెప్పమన్నాడు. ఇంట్లో నేను నోరెత్తితే నస అంటారు, ఇక్కడ నా మాటని ముక్క ముక్కగా రాసుకుంటున్నారు. ఏడుపొచ్చింది, మింగేశాను. ఈవిడ మాట మీకు వినబడలేదా అని జడ్జిగారు అడిగితే ఇన్‌స్పెక్టరు నీళ్ళు నమిలాడు. బెయిలు ఇచ్చారు. కేసు మాత్రం ఉంది. వాయిదాలకి తిరగాలి, తిరుగుతున్నాం.

బయటికొచ్చాక మా ఆయన టీ తెచ్చి తమ్ముడికి అందించారు. వాడు చెయ్యి చాపలేదు. వాడి గొంతులో కోపం కూడా లేదు, అదే నాకు కష్టమనిపించింది.

"నేను పక్క వీధిలోనే ఉన్నా కదా బావా. ఒక్క కేకేస్తే వచ్చి నేనే తీసి చూపించేవాణ్ణి."

ఆయన ఆ టీ చల్లారేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డారు.