బానెట్ మీది బొట్టు

ఆ రోజుల్లో కారు కడగడం కూడా ఒక చదువేనని మా తిరుపతిలో ఎవరితోనైనా అంటే, ముందు నా మొహం చూసి, తర్వాత నా చేతిలో బక్కెట్ ఉందేమోనని చూసేవాళ్లు. నాకూ అంతకు మించి తెలియదనుకోండి. డిగ్రీలో రెండు సబ్జెక్టులు మిగిలిపోయి (ఇప్పటికీ మిగిలే ఉన్నాయి) ఖాళీగా తిరుగుతున్నప్పుడు, రేణిగుంట రోడ్డులో ఒక బోర్డు కనిపించింది. కార్ల డీటెయిలింగ్ నేర్పి, పరీక్ష పెట్టి, సర్టిఫికెట్ ఇస్తారట. అంటే కారును కడిగి, పెయింటు మీది సన్నగీతలు మెషిన్‌తో పోగొట్టి, కొత్తదానిలా మెరిపించే పని. మా నాయన యాత్రికులను కాళహస్తికి, కాణిపాకానికి తిప్పే డ్రైవరు. సంగతి విని తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "కారు కడిగేదానికి సర్టిఫికెట్టేందిరా? మీ యమ్మ ఇరవై యేండ్లుగా గిన్నెలు తోముతాండాది, ఆమెకెవురిచ్చినారు?" అన్నాడు. "ఇస్తే నేనొద్దంటానా?" అంది అమ్మ వంటింట్లోంచి. చివరికి ఒప్పుకున్నాడు గానీ, ఇది కూడా తప్పితే మర్నాటి నుంచే సిన్నాయన లాడ్జిలో రూములు చూపించే పనికి పోవాలన్నాడు.

వేలూరు నుంచి వచ్చిన మా గురువును మేం 'లైటు సార్' అనేవాళ్లం. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక టార్చి ఉండేది. అది వేస్తే చాలు, శుభ్రంగా ఉందనుకున్న పెయింటు మీద సాలెగూడులాంటి గీతలు బయటపడేవి. మొదటిరోజు ఆయన ఒక పాత డోరు మీద కాసేపు మెషిన్ ఆడించి, గుడ్డతో తుడిచి పక్కకు జరిగాడు. గీతలన్నీ మాయమై, పైనున్న ట్యూబులైటు, దాని పక్కనున్న బల్లితో సహా ఆ డోరులో కనిపించింది. గుళ్లో తెర తీసినప్పుడు లేచినట్టు నా చేతులు వాటంతటవే లేచాయి (పక్కవాడు చూశాడని జుట్టు సర్దుకున్నాను).

పరీక్షకు ఎవరి కారు వాళ్లు తెచ్చుకోవాలి. నాయనది నల్ల కారు. ఆ నలుపుకు విరుగుడుగా ప్రతి శుక్రవారం బానెట్ నడుమ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టేవాడు. పాతది పోకముందే కొత్తది పడేది కాబట్టి ఆ చోటు ఏనాడూ ఖాళీగా ఉండలేదు. ఘాట్ రోడ్డులో బ్రేకుల కన్నా దాన్నే ఎక్కువ నమ్మేవాడు. పరీక్షరోజు కారు తనే తోలుకొచ్చి గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. నాలుగు గంటలు ఒళ్లు హూనం చేసుకున్నాను. బానెట్ అద్దమైంది. అందులో ఏడుకొండలు, మీదున్న మబ్బుతో సహా దిగాయి. నడుమ మాత్రం బొట్టు అలాగే ఉంది. దాని చుట్టూ టేపు అంటించి, దానికి మెషిన్ తగలకుండా పాలిష్ చేశాను మరి. లైటు సార్ టార్చి అక్కడే ఆగింది.

"ఇదేమప్పా?"

"అది తీయకూడదు సార్."

"తీయలేదంటే మార్కు లేదప్పా. ఇంకా అరగంట ఉండాది."

నాయనను అడిగే ధైర్యం నాకు లేదు. అడిగే పని కూడా పడలేదు. అంతా విన్నాడు కాబోలు, లేచి వచ్చాడు. "దీనికోసరమా నువ్వు తప్పేది? జరుగు" అని, బొట్టును తాకి కళ్లకద్దుకుని, "సామీ, తప్పు కాయి" అంటూ, నేను అడ్డం పడేలోపలే భుజం మీది తువ్వాలుతో పరపరా రుద్దేశాడు. కాళహస్తి రోడ్డు దుమ్మంతా ఆ తువ్వాల్లోనే ఉంది. బొట్టు పోయింది. దాని చోట జానెడు మేర గీతలు పడ్డాయి. "నాయనా!" అని నేను పెట్టిన కేకకు బయట టీ తాగేవాళ్లు గేటులోంచి తొంగిచూశారు. నాయన మొహం వాడిపోయింది. "మంచిదనే కదరా చేసినాను" అన్నాడు.

లైటు సార్ నవ్వలేదు. "ఇదే నీ పరీక్ష. మెషిన్ ఎత్తు" అన్నాడు.

నిలువుగా, అడ్డంగా మెషిన్ నడిపాను. నాయన మోకాళ్ల మీద చేతులానించి, వంగి, ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. పాలిష్ మందు తుడిచేశాను. గీతలు లేవు. కొండలున్నాయి, వాటి కింద నోరు తెరుచుకున్న మా నాయన మొహం ఉంది. తాకబోయి వేలు వెనక్కి తీసుకున్నాడు. "గీతలు యాడికి పోయినాయిరా?" అని గుళ్లో మాట్లాడినంత మెల్లగా అడిగాడు. నాతో ఆయన అంత మెల్లగా మాట్లాడటం అదే మొదలు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి (మందు ఘాటని చెప్పాను).

సాయంత్రం సర్టిఫికెట్ ఇచ్చారు. నాయన దాన్ని రెండు చేతులా అందుకుని డ్రైవరు సీటు మీద పెట్టి, కారులోంచి కుంకుమ భరిణె తీశాడు. వేలు అలవాటుగా బానెట్ దాకా వెళ్లి ఆగింది. ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, ఆ బొట్టు తెచ్చి నా సర్టిఫికెట్ మీద, నా పేరు పక్కన పెట్టాడు.

ఇప్పుడు నాకు సొంత షాపుంది. ఆ కాగితం కౌంటర్ వెనక ఫ్రేములో ఉంది. మొన్న ఒక చిత్తూరాయన కారు కోసం కూర్చుని దానివంక చాలాసేపు చూసి, "ఇన్ని మరకలు తీస్తావు, ఆ ఎర్ర మరక తీయలేదేమబ్బా?" అన్నాడు. బొట్టు చుట్టూ టేపు అంటించిన ఆనాటి వెర్రిబాగులవాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

"అది తీయకూడదు సార్" అన్నాను.