నా బొమ్మ మీద టీచర్ గీసిన గీత

నిన్న రాజాంలో, నేను పాఠాలు చెప్పే బడిలో, పిల్లలు బెండకాయ ముక్కలను రంగులో ముంచి కాగితం మీద అచ్చులు వేస్తున్నారు. ఆ పచ్చివాసన, రంగు వాసన కలిసి తగలగానే అప్పలనర్సమ్మ టీచర్ గుర్తొచ్చారు. భోగాపురం వైపు మా హైస్కూల్లో డ్రాయింగు చెప్పేవారు. పొట్టి మనిషి, కరుకు మాట. లెక్కల మేష్టారు ఎంత అడిగినా తన పీరియడ్ ఇచ్చేవారు కాదు.

మాది చేపల వేట మీద బతికే ఇల్లు. ఒకసారి ఇంట్లో రోజూ చూసే వస్తువు తెచ్చి గీయమన్నారు. అందరూ చెంబులు, చేటలు తెచ్చారు. నేను తెచ్చిన వలముక్కను, వాసనొస్తుందని నవ్వుతారేమోనని సంచిలోనే దాచాను. టీచరే దాన్ని బయటికి లాగి బల్ల మీద పరిచారు. దారాలు గీయబోతే అంతా చిక్కుపడిపోయింది.

"ఏటే, దారాల ఎనకాల పడతావు? ఆటిని వొగ్గియ్యి. మద్దిన కన్నాలున్నాయి సూడు, అవి గియ్యి. వల దానంతటదే వస్తాది."

ఒక్కొక్క ఖాళీనీ గీస్తూ పోయాను. నిజంగానే వల తేలింది. ఖాళీకి కూడా ఆకారం ఉంటుందని ఆ రోజే తెలిసింది.

ఆ ఉత్సాహంతో విజయనగరంలో జరిగే పోటీకి, మా పడవ మీద ఆరేసిన వలను రెండు వారాలు కూర్చుని గీశాను. పంపడానికి ముందురోజు టీచర్ చూసి మురిసిపోయారు. పడవ అంచు ఒకచోట లోపలికి వంగి ఉంటే, పరధ్యానంగా పెన్సిలు తీసుకుని ఒక్క గీతతో సరిచేశారు. మర్నాడు పొద్దున్న మాత్రం, బొమ్మ పంపడం లేదన్నారు.

"నానేటి తప్పు సేసినాను టీచర్?"

"నువ్వు కాదే, నాను సేసినాను. ఆ అంచు నాది. నీది కాని గీతకి నీకు బహుమతి వొద్దు."

ఆ మాటే తరగతి అందరి ముందూ మళ్లీ చెప్పారు. పెద్దవాళ్లు పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడం నేను అదే మొదటిసారి చూడటం. అయినా నా ఏడుపు ఆగలేదు. వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు. చివరికి ఆవిడే కొత్త కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. "మల్లీ గియ్యి. ఈపాలి ముట్టుకోను."

గీశాను. అంచు మళ్లీ అలాగే వంగింది. దాన్ని అలాగే గోడకు పెట్టి, మా అయ్యను బడికి పిలిపించారు. అయ్య దగ్గరికెళ్లి ఆ వంగిన అంచు మీద వేలు పెట్టాడు. "మన పడవేనే ఇది! రాయికి కొట్టుకున్న సొట్ట కూడా ఏసీసినావేటే!"

టీచర్ ముఖం వాడిపోయింది. నెమ్మదిగా అన్నారు: "నాను సరిసేసింది దీన్నేనా, అన్నా?"

ఆ తర్వాత ఆవిడ ఏ పిల్ల కాగితం మీదా పెన్సిలు పెట్టగా నేను చూడలేదు. ఇప్పుడు నా తరగతిలో ఎవరి గీతైనా వంకరగా కనిపిస్తే, నా చెయ్యి ముందుకు పోబోతుంది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఇది ఇలా ఎందుకుందని అడుగుతాను. చాలాసార్లు వాళ్ల దగ్గర జవాబుంటుంది.