బానెట్ మూసే మాట

మొన్న సింగపూర్‌లో, క్లెమెంటి బస్టాపులో నిలబడి ఉండగా ఒక కరెంటు బస్సు నాకు జానెడు దూరంలో వచ్చి ఆగింది. చప్పుడే లేదు. టైర్ల కింద తడిరోడ్డు చిన్నగా సుయ్యిమంది, అంతే. ఎక్కి కూర్చున్నాక కూడా నా చెవి ఊరుకోలేదు. కాళ్ల కింద ఎక్కడైనా ఇంజను తగులుతుందేమోనని వెతుకుతూనే ఉంది. అలా వెతుక్కుంటూ దిగాల్సిన చోటు దాటిపోయాను. అప్పలస్వామి అంకుల్ ఉంటే నవ్వేవారు. నా చెవికి ఆ పని నేర్పింది ఆయనే.

ఐటీ కంపెనీలు మనవాళ్లని విమానాల నిండా దింపుకుంటున్న రోజులవి. మా ఆయనకు రాఫెల్స్ ప్లేస్‌లో ఉద్యోగం. జురాంగ్ వెస్ట్‌లో అప్పలస్వామి అంకుల్ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాం. అంకుల్ తాతగారు విశాఖపట్నం వైపు నుంచి మలయా కొబ్బరితోటలకు కూలీగా వచ్చారట. అంకుల్ అక్కడే పుట్టి, మెకానిక్ పని నేర్చుకుని, కుర్రతనంలోనే సింగపూర్ చేరారు. తెలుగు మాట్లాడితే తాతగారి ఊరు వినబడేది, మధ్యమధ్య మలయ్ దొర్లేది. ఆదివారాలు కలిసే తెలుగు ఆడవాళ్లలో ఒకరు ఎంసీఏ, ఒకరు బీటెక్. నేను బడి మొహం చూడలేదు. చిన్నప్పుడు జబ్బుమనిషినని నాన్న ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పారు. స్తోత్రాలు, పద్యాలు, కాస్త లెక్కలు. ఆయన తొడ మీద తాళం వేస్తుంటే నేను చదవాలి. ఎక్కడైనా అక్షరం జారితే ఏమీ అనేవారు కాదు, చెయ్యి ఆపేసేవారు. ఆ చదువుకి సర్టిఫికెట్ ఉండదు కదా. ఎవరైనా "మీ క్వాలిఫికేషన్ ఏంటండీ?" అని అడిగితే వంటింట్లో ఏదో పొంగుతోందని లేచిపోయేదాన్ని.

అంకుల్ వర్క్‌షాపు ఇంటికి దగ్గర్లోనే, ఫ్యాక్టరీల మధ్య. మధ్యాహ్నం ఆయన భార్య సింహాద్రి ఆంటీ కట్టిన క్యారేజీ నేను పట్టుకెళ్లేదాన్ని. అక్కడ ఆయన ప్రాణాలు రెండుండేవి, ఒకటి పచ్చది, ఒకటి ఎర్రది. ఆస్ట్రేలియాలో తయారైన పాతకాలపు ఎనిమిది సిలిండర్ల కార్లు. కండలు తిరిగినట్టుంటాయి కాబట్టి మజిల్ కార్లంటారట. ఒక్క మరమేకు కూడా పరాయిది వాడకుండా ముప్పై ఏళ్లుగా కాపాడుకొచ్చారు. ఊళ్లో పాతకార్లున్న పెద్దమనుషులంతా ఆయన దగ్గరికే వచ్చేవారు. మీటర్లూ మిషన్లూ లేకుండా, చెవితో విని ఇంజను సరిచేసే మనిషి ఆయనొక్కరే మిగిలారని చెప్పుకునేవారు.

ఒకనాడు వెళ్లేసరికి పచ్చకారు బానెట్ ఎత్తి ఉంది. ఇంజను నడుస్తోంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"ఏటమ్మా, అలా నిలబడిపోనావు? బయమేసిందా?"

"లేదంకుల్. అష్టకంలో ఒక శ్లోకం మింగేసినట్టుంది."

"ఏటంటున్నావు?"

"ఒకచోట ఖాళీ వస్తోంది. ఖాళీకీ ఖాళీకీ మధ్య ఏడు దెబ్బలు వినబడుతున్నాయి. ఎనిమిదోది లేదు."

ఆయన నన్నోసారి చూసి, ఒక్కొక్క వైరూ పీకి పెడుతూ పోయారు. వెనకవైపు ఆఖరుది పీకినా ఇంజను చప్పుడు మారలేదు. పని చెయ్యనిది అదే. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "ఒలమ్మా! బడికెళ్లనేదన్నావు, ఈ ఇద్దె ఏ బళ్లో సెప్పారు?" అన్నారు. నాన్న తరవాత నా చదువుని చదువని అన్నది ఆయనే. ఆ సాయంత్రం దీపం పెట్టి, దేవుడికి ఆయన పేరు చెప్పి దండం పెట్టుకున్నాను.

వారం తిరక్కుండానే అసలు సంగతి చెప్పారు. "కుడిసెవి పూర్తిగా పోనాది. ఎడంది సగం. ఎవరికీ తెలీదు, మీ ఆంటీకి కూడా." ఆంటీకి ఎలా తెలుస్తుంది? ఈయన తన మాట వినిపించుకోవడం ఎప్పుడో మానేశాడని ఆవిడ నమ్మకం. "సెవి పోనాదని తెలిస్తే ఇంకెవడొస్తాడు? ఇంక నేనెవుడ్ని?" అన్నారు. ఆ మాట నవ్వుతూనే అన్నారు గాని, చేతిలో స్పానరు ఊరికే అటూ ఇటూ తిరుగుతోంది.

ఆ వర్క్‌షాపులో ఒక నియమం ఉంది. మలయాలో ఆయన గురువు పెట్టినదట. "సేసినోడు 'అయింది' అనకూడదు. పక్కనున్నోడు కళ్లు మూసుకుని ఇని, ఆడు సెప్పాల. అప్పుడే బానెట్ మూసేది." ఆనాటి నుంచి ఆ పక్కనున్న మనిషిని నేనయ్యాను. వచ్చినవాళ్లు ఆయన నాకు పని నేర్పుతున్నారనుకునేవారు. "గుడ్ స్టూడెంట్, అంకుల్!" అనేవారు. నేను కళ్లు మూసుకుని వినేదాన్ని. ఆయన, "ఎలాగుందమ్మా?" అనేవారు. నేను చెప్పింది ఆయన చేతులు చేసేవి. దాదాపు ఏడాది అలా గడిచింది. నా జీవితంలో అంత గర్వంగా ఎప్పుడూ నడవలేదు. క్యారేజీ పట్టుకుని ఫ్యాక్టరీల మధ్య నడిచే ఆ పది నిమిషాలూ నేను ఎంసీఏలకు తీసిపోను.

ఆ తరవాత ఒక తప్పు చేశాను. పచ్చకారు ఇంజను మొత్తం విప్పి, నెలల తరబడి కూర్చుని మళ్లీ బిగించారు. ఒక ఆదివారం పొద్దున స్నేహితులందర్నీ పిలిచారు. బండిలో ఆంటీని ఎక్కించుకుని గుడికి వెళ్లాలని ఏర్పాటు. ఆంటీ పట్టుచీర కట్టుకుని, ప్రసాదానికి పులిహోర గిన్నె ఒళ్లో పెట్టుకుని, ముందు సీట్లో అప్పుడే కూర్చుంది. ఇంజను లేచింది. ఎనిమిదీ పలికాయి. అందరూ చప్పట్లు కొట్టారు. కాని జోరు పెంచినప్పుడల్లా అడుగు నుంచి ఒక మెత్తని దెబ్బ వస్తోంది. గుడ్డ చుట్టిన రోకలితో ఎవరో దంచుతున్నట్టు. కళ్లు మూసుకున్నాను. మళ్లీ విన్నాను. ఉంది.

"ఎలాగుందమ్మా?"

నలుగురూ నావైపే చూస్తున్నారు. ఆయన మొహం పెళ్లికొడుకు మొహంలా ఉంది. తలదాచుకోవడానికి గదిచ్చి, నాకొక విలువిచ్చిన మనిషి. ఇందరిలో ఆయన పనిని నేనెలా తప్పు పట్టను? అది కృతఘ్నత కాదా? "చాలా బాగుంది అంకుల్," అన్నాను. ఆయన బానెట్ మూశారు.

గుడి చేరనే లేదు. ఎక్స్‌ప్రెస్‌వే మీద లోపలి రాడ్డు విరిగి, ఇంజను గోడను చీల్చుకుని బయటికొచ్చింది. నూనె, పొగ. వెనక లారీ ఉంది. దేవుడి దయ, బండి పక్కకు జరిగి ఆగింది. "సచ్చాననే అనుకున్నాను. ఇదిగో, ఈ గిన్ని మాత్రం ఒగ్గనేదు," అంటూ ఆంటీ ఇంటికొచ్చి ఆ పులిహోర అందరికీ పెట్టింది. నా వంతు మా ఆయన పళ్లెంలో వేసేశాను.

మర్నాడు వర్క్‌షాపుకి వెళ్లి చేతులు జోడించాను. "నేను విన్నాను అంకుల్. అడుగున దెబ్బ వినబడింది. చెప్పలేదు."

"ఇన్నావని నాకు తెలుసు," అన్నారాయన తల ఎత్తకుండా. "బాగున్నప్పుడు నీ సేతి ఏళ్లు తాళమేస్తాయి. నిన్న ఆగిపోనాయి. నా కంటికి సెవుడు లేదు కదమ్మా."

"మరి ఎందుకు మూశారు?"

ఆయన అప్పుడు తల ఎత్తారు. "నువ్వు బాగుందన్నావు. నాకూ ఆ మాటే కావాల. ఇద్దరం కలిసి ముసిల్దాన్ని సంపీసుందుము." తరవాత అన్న మాట ఇప్పటికీ నన్ను వదలదు. "నన్ను మెచ్చుకోడానికి జనం సాలామంది ఉన్నారు శారదమ్మా. నిన్ను ఎట్టుకున్నది ఇనడానికి."

నన్ను తిట్టారో, తనను తిట్టుకున్నారో తెలియలేదు. తప్పు ఎంతవరకు నాది, ఎక్కడి నుంచి ఆయనది? ఇంటికెళ్లి మా ఆయనకు చెబితే, "ఇంజనే కదా, మారిస్తే పోతుంది. దీనికింత ఏడుపెందుకు?" అన్నారు.

మూడు వారాలకు అంకుల్ చేసిన పని విని అందరికీ మతిపోయింది. డెరిక్ అని రాఫెల్స్ ప్లేస్‌లో సొంత కంప్యూటర్ కంపెనీ నడిపే యువకుడు ఉండేవాడు. అతని దగ్గర అదే జాతి కారు ఒకటి నీలిరంగుది ఉంది. పైకి పాత ఒళ్లే. లోపల కొత్త ఇంజను, దాన్ని నడిపే కంప్యూటరు, ఏసీ, తనంతట తనే మారే గేర్లు. అలాంటిదాన్ని రెస్టోమోడ్ అంటారని అప్పుడే విన్నాను. అనుమతి కాయితాలకే అతను ఏళ్లు తిరిగాడట. ఇప్పుడతనికి అచ్చం పాతది కావాలి, ఏ మార్పూ చెయ్యనిది. అంకుల్ ఎర్రదాన్నీ, ఇంజను పోయిన పచ్చదాన్నీ అతనికిచ్చి ఆ నీలందాన్ని తీసుకోవడానికి ఒప్పుకున్నారు. కంప్యూటర్లు చేసేవాడికి పాతది కావాలి, పాతదాన్ని పూజించినవాడికి కంప్యూటరు కావాలి. లోకం తలకిందులైనట్టనిపించింది. స్నేహితులు మొహం మీదే అన్నారు, "నీకు మతిపోయిందా? రెండు నిజాలిచ్చి ఒక నకిలీ తెచ్చుకుంటావా?" అని. ఆంటీ మాత్రం, "ఏసీ ఉందట కదా?" అని ఊరుకుంది.

నాకు రెండు రకాల దిగులు. నా అబద్ధం వల్లే ఆయన ప్రాణాలు రెండూ పోతున్నాయని ఒకటి. కొత్త ఇంజనులో తేడా వస్తే ల్యాప్‌టాప్ చెబుతుందట, ఇక నా చెవితో పనేముంది అని ఇంకొకటి. రెండోది మొదటిదానికన్నా ఎక్కువగా బాధిస్తోందని తెలిసి సిగ్గుపడ్డాను. ఆ సిగ్గులోనే ఒకరోజు అడిగాను. "గుడి బాగుచేసేటప్పుడు స్వామిని బాలాలయంలో ఉంచుతారు అంకుల్. పని అయ్యాక మళ్లీ లోపలికి పిలుస్తారు. ఇంజను తీసేసినప్పుడు ఆ కారులో ఉన్నదాన్ని ఎక్కడ ఉంచారు? మళ్లీ పిలిచారా?"

ఆయన పడీపడీ నవ్వారు. "నాకేటి తెలుసమ్మా, నేను పంతుల్నా? గుళ్లో కరెంటు దీపాలెట్టినారు, దేవుడు లేసి ఎలిపోనాడా?" అని, కాసేపయ్యాక నవ్వు ఆపి, "ఎలిపోనాడేమో కూడా. తెలీదు," అన్నారు. ఆయన నోట తెలీదన్న మాట వినడం అదే మొదలు.

బండ్లు మార్చుకునే రోజున వర్క్‌షాపు నిండా జనం. పాతకార్ల పెద్దమనుషులు చేతులు కట్టుకుని, చావుకొచ్చినవాళ్లలా నిలబడ్డారు. డెరిక్ తాళంచెవి ఇస్తూ, "అంకుల్, యూ షూర్ ఆ? టూ ఫర్ వన్ లా, లేటర్ డోంట్ రిగ్రెట్," అన్నాడు ఇక్కడి ఇంగ్లీషు యాసలో. అంకుల్ లోపల కూర్చుని తాళం తిప్పారు. ఇంజను మెత్తగా లేచింది. కొత్త ఇంజను కదా, స్టీరింగు కూడా వణకలేదు. ఆయన ఒక క్షణం ఆగి మళ్లీ తాళం తిప్పారు. నడుస్తున్న ఇంజను మీద స్టార్టరు పడి గర్రుమని అరిచింది. అందరూ ఉలిక్కిపడ్డారు. ఆయన మొహంలో మార్పు లేదు. మూడోసారి తిప్పడానికి చెయ్యి కదిలింది.

మెల్లిగా దగ్గరికి వెళ్లి చెయ్యి తాకితే చాలు, ఎవరికీ తెలియకుండా సర్దవచ్చు. ఏడాదిగా నేను చేసింది అదే కదా. కాని కాళ్లు కదల్లేదు. గొంతు కదిలింది.

"స్టార్టయింది అంకుల్! నడుస్తోంది! మీకు వినబడటంలేదు!"

ఆయన నావైపు చూశారు. ఆ చూపుని ఎన్నిసార్లు తలుచుకున్నానో, అది కోపమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేను. తాళం మీంచి చెయ్యి తీసి, తలుపు తెరిచి దిగి, అందరివైపూ తిరిగి, "నాకు సెవుడు. ఐ కెనాట్ హియర్, లాంగ్ టైం ఆల్రెడీ. మీ బళ్లన్నీ ఇన్నది ఈ అమ్మే," అన్నారు. వెనక నుంచి ఆంటీ గొంతు వినిపించింది. "అయితే నన్ను లెక్కసెయ్యక కాదా? నిజంగానే ఇనబడదా?" అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆ తరవాత కొందరు రావడం మానేశారు. కొందరు నేరుగా నన్నే అడగడం మొదలుపెట్టారు. ఆంటీ ఆయన ఎడమవైపు నడవడం అలవాటు చేసుకుంది. ఆ నీలం బండిలో వాళ్లిద్దరూ గుడికి వెళ్లివచ్చిన శుక్రవారాలకు లెక్కలేదు. అంకుల్ పోయేదాకా ఆ బండి ఒక్కసారీ దారిలో ఆగలేదు. అయినా ఒక్కోసారి ఆయన దాని బానెట్ మీద అరచెయ్యి ఆనించి, ఏమీ తగలక, అలాగే నిలబడటం చూశాను. మంచి బేరమే చేశారా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆయన నన్నెప్పుడూ తప్పు పట్టలేదు. మెచ్చుకోనూ లేదు.

నాకు చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు. దీపం పెట్టగానే, "అంతా బాగుంది స్వామీ, నీ దయ," అంటాను. నాన్న నేర్పిన మర్యాద అది. ఆ ఆదివారం బండి పక్కన నిలబడి నేనన్నది కూడా అలాంటి మాటే కదా అని చాలాకాలానికి తోచింది. ఇప్పుడు ఆ మాట నోటిదాకా వచ్చి ఆగుతుంది. కళ్లు మూసుకుని ఇల్లంతా ఒకసారి వింటాను. బాగాలేనివి ముందు చెబుతాను, పేరుపేరునా. తరవాతే దండం పెడతాను. ఇది భక్తో, ధిక్కారమో నాకు తెలియదు. చెప్పినంతసేపూ స్వామి ఊరుకుని వింటున్నట్టే ఉంటుంది.