ఫ్లాట్ కిస్తీ, రెడ్!

రైల్వే ఆఫీసులో మూడొందల మంది జీతాల బిల్లులు పైసా తేడా రాకుండా తయారుచేసే ఇంద్రాణి, సొంత ఫోన్ బిల్లు మాత్రం లైను కట్టయ్యేదాకా కట్టేది కాదు. డబ్బు లేక కాదండోయ్! కడదామనే ఫోన్ తీస్తుంది, ఫోన్లో ఇంకేదో కనబడుతుంది, అంతే, బిల్లు సంగతి గాలికి పోతుంది. ఒకసారి బుద్ధిగా ఆటో డెబిట్ పెట్టుకుంది. అదీ మూసేసిన ఖాతాకి పెట్టింది. ముప్పై ఎనిమిదేళ్లుగా లోకం దీన్ని బద్ధకమంది. అందరికంటే ముందు అన్నవాడు కన్నతండ్రి శంకరనారాయణే. చివరికి కోల్‌కతాలో ఓ డాక్టరమ్మ ఇది ఏడీహెచ్‌డీ అని, శ్రద్ధ ఒకచోట నిలవని జబ్బని చెబితే, ఇంద్రాణి ఆస్పత్రి మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది. తప్పు తనది కానందుకు సంతోషం, ఇన్నేళ్లు పడ్డ మాటలకు కోపం.

జబ్బుకి పేరు దొరికింది సరే, ప్రేమ్ బజార్ దగ్గర కొన్న ఫ్లాటు సంగతో? అప్పటికే రెండు కిస్తీలు మరిచిపోయింది. ఇంకొక్కటి తప్పితే బుకింగ్ రద్దు, కట్టినదాంట్లో సగం హుళక్కి అని ఫ్లాట్లు కట్టిస్తున్న ప్రమోటర్ కాగితం పంపాడు.

ఆ కాగితం తండ్రి ముందు పెట్టి అడిగింది. "ముప్పై ఆరేళ్లు ఇంజను నడిపినావు. ఒక్క సిగ్నలూ మరిసిపోకుండా ఎలాగ నాన్నా?"

"గుర్తెట్టుకుంటే గదే మరిసిపోడానికి! అసిస్టెంటు సెయ్యెత్తి సిగ్నలు రంగు అరుస్తాడు, నాను తిరిగి అదే అరుస్తాను. బుర్రకేటి పని? నోటికే పని."

అలా అంటూనే ఆయన ఆగిపోయి కూతురి ముఖం చూశాడు.

మర్నాటి నుంచి ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో వాళ్ల క్వార్టర్లో కొత్త డ్యూటీ. పొద్దున టీ చేతికి రాగానే ఆయన కాలెండర్ చూసి చెయ్యెత్తేవాడు. "గ్యాసు బిల్లు, రెడ్!" ఆమె కూడా చెయ్యెత్తి అదే కేక వెయ్యాలి. రెడ్ అంటే కదలడానికి లేదు. కట్టేదాకా కుర్చీలోంచి లేవకూడదు. కట్టాక ఇద్దరూ "గ్రీన్!" పోట్లాట అనుకుని పక్కింటి బెంగాలీ దీదీ రెండుసార్లు పరుగెత్తుకొచ్చింది. పది నెలలు ఒక్క జరిమానా పడలేదు.

ఆఖరి కిస్తీ రోజున శంకరనారాయణ పెళ్లికని విజయనగరం వెళ్లాడు. అక్కణ్ణుంచి ఆయన ఫోన్ చేసినా కలవలేదు. పొద్దున అరిచేవాళ్లు లేరు, ఇంద్రాణికి గుర్తూ లేదు. సాయంత్రం నాలుగింటికి ఆఫీసులో టీ గ్లాసు అందుకుంది. చెయ్యి దానంతటదే లేవబోయింది. గోడ మీద కాలెండర్లో పదో తారీఖు, కిస్తీ గడువు! ఫోన్ తీసింది. సరిగ్గా అప్పుడే ఎవరో అర్జెంటు ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టారు. అది ముట్టుకుంటే ఇల్లు పోయినట్టేనని ఆమెకు తెలుసు.

లేచి నిలబడి చెయ్యెత్తింది. "ఫ్లాట్ కిస్తీ, రెడ్!"

హాలంతా తలలు తిప్పి చూసింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి, అయినా చెయ్యి దించలేదు. ఆ మూల నుంచి, ఇంజను డ్రైవర్ల ఇంట్లోనే పుట్టి, ఈ కేకలు వింటూ పెరిగిన తోటి ఉద్యోగి దోర్కా లేచింది. చెయ్యెత్తింది. "ఫ్లాట్ కిస్తీ, రెడ్! ముందది కట్టీ అక్కా, ఫైలు నాను సూస్తాను!"

కట్టింది. "గ్రీన్!" అని ఇంద్రాణి అరిస్తే, సంగతేమిటో తెలియని బెంగాలీ బాబులతో సహా సెక్షనంతా "గ్రీన్!" అంది.

తాళాలిచ్చే రోజు ప్రమోటర్ గుమాస్తా పది నెలల పేజీలు తిరగేసి, "ఏక్ భీ ఫైన్ నహీ, దీదీ?" అని, ఒక్క జరిమానా కూడా లేనందుకు ఆశ్చర్యపోయాడు. "ఏక్ భీ నహీ, దాదా," అంది ఇంద్రాణి, తల ఎత్తి.

కొత్త గుమ్మం ముందు తండ్రి పక్కన నిలబడి చెయ్యెత్తింది. "ఇల్లు, గ్రీన్!"

శంకరనారాయణ చెయ్యెత్తాడు. ఆ చెయ్యితోనే కళ్లు తుడుచుకున్నాడు.

"తిరిగి అరవాల నాన్నా," అంది ఇంద్రాణి. "రూలు."